మంజూరైన కాలు

బెజవాడ తాలూకాలో ఇకమీదట ఒంటికాలి మనిషి అనేవాడు కనబడడని, కనబడితే అది తమ కమిటీకి తలవంపులని 1946 జూలై నెలలో వెంకటకృష్ణారావు గారు నిండు సభలో ప్రకటించారు. సభలో ఉన్నవాళ్లందరూ రెండు కాళ్లవాళ్లే గనుక వెంటనే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

వెంకటకృష్ణారావు గారు అప్పటికే ఏడు కమిటీలకు అధ్యక్షులు. యుద్ధం ముగిసింది, మద్రాసులో మన మంత్రులు కుర్చీలెక్కారు, దేశానికి సేవ చెయ్యవలసిన అవసరం ఒక్కసారిగా పెరిగిపోయింది. ఆ బరువంతా ఆయన ఒక్కరే మోస్తున్నారు. యుద్ధంలో కాళ్లు పోగొట్టుకుని వచ్చిన సిపాయిలకు కృత్రిమ పాదాలు తొడిగి మళ్లీ పనిమంతుల్ని చెయ్యాలనే సదుద్దేశంతో ఆయన పెట్టిన ఎనిమిదోది అవయవ పునరుద్ధరణ కమిటీ. లెటరుహెడ్డు అచ్చయింది. రబ్బరు స్టాంపు వచ్చింది. దసరా ముందు మంత్రిగారు స్వయంగా వచ్చి మొదటి పాదం తొడుగుతారని మద్రాసు నుంచి కబురు కూడా వచ్చింది. అప్పుడు తేలింది, తాలూకా మొత్తం మీద కాలు పోయిన సిపాయి ఒక్కడూ లేడని.

కమిటీ కార్యదర్శి సాంబమూర్తి గారు ముప్పై ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా పనిచేసి, లేని సాక్షుల్ని వెదికి పట్టుకోవడంలో పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన పది రోజులు తాలూకా గాలించారు. గన్నవరంలో ఒక సిపాయి దొరికాడు గాని అతనికి పోయింది చెయ్యి. మంత్రిగారు వచ్చిన పూటకి ఎలాగైనా సర్దుకోగలవా అని సాంబమూర్తి గారు మర్యాదగానే అడిగారు. ఆ సిపాయికి దేశభక్తి తక్కువ, ఒప్పుకోలేదు. చివరికి పటమటలో ఒక నేతగాడికి ఎడమకాలు లేదని తెలిసింది. సిపాయి కాకపోయినా కాలు మాత్రం నిజంగానే లేదు. సాంబమూర్తి గారు జట్కా కట్టించుకుని బయల్దేరారు.

ఆ నేతగాడు మార్కండేయులు. అతను యుద్ధానికి వెళ్లలేదు. తన ఇంట్లో, తన మగ్గం గుంటలో, కాలు దింపుతుంటే తుప్పు మేకు గుచ్చుకుంది. దానికి పసుపు అద్దుకుని పది రోజులు నేశాడు. పదకొండో రోజున ఆసుపత్రికి మోసుకుపోతే, మోకాలికి జానెడు కింద తీసేశారు.

గుంట మగ్గానికి రెండు కాళ్లూ కావాలి. మనిషి నేలమీద కూర్చుంటాడు, కాళ్లు గుంటలో ఉంటాయి, అడుగున రెండు తొక్కుడు చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే సగం పడుగు లేస్తుంది, పేక నూలు మోసే నాడె ఇటునుంచి అటు పోతుంది. రెండోది తొక్కితే మిగతా సగం లేస్తుంది, నాడె వెనక్కి వస్తుంది. చూసేవాళ్లకి చేతులు కనిపిస్తాయి గాని నేసేది కాళ్లు. మార్కండేయులు ఒంటికాలితో ప్రయత్నం చేశాడు. కుడికాలు ఈ చెక్కమీంచి ఆ చెక్కమీదికి గెంతాలి. గెంతిన ప్రతిసారీ నడుము కదులుతుంది, నడుము కదిలితే పోగుమీద పడే దెబ్బ మారుతుంది, దెబ్బ మారితే గుడ్డ ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా వస్తుంది. అటువంటి గుడ్డ నేసిన పేరు తనకొద్దని మూడో రోజున దిగడం మానేశాడు.

మానేస్తే ఊరుకోవడానికి లేదు. నూలు కంట్రోలు రోజులు. ఆడే మగ్గానికే నూలు కార్డు. కార్తీకంలో ఇన్‌స్పెక్టరు ఇల్లిల్లూ తిరిగి, కార్డు ఎవరి పేరున ఉందో ఆ మనిషి గుంటలో కూర్చుని నేస్తూ కనబడితేనే కార్డు మీద సంతకం పెడతాడు. లేకపోతే కార్డు పోతుంది. పోయిన కార్డు మళ్లీ తెచ్చుకున్నవాడు పటమటలో ఎవడూ లేడు.

అందుకని మార్కండేయులు ఆసుపత్రి నర్సు సువార్తమ్మ గారు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నాడు. మిగిలిన మొండికాలికి కిందినుంచి పైకి, కింద బిగువుగా పైన వదులుగా గుడ్డ చుట్టడం. మోకాలి కింద దిండు పెట్టుకోకపోవడం, పెట్టుకుంటే కీలు వంగి బిగుసుకుపోతుందట. రోజూ కాసేపు మొండిని మెత్తటి మూటమీద ఆనించి నొక్కడం, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. అది బరువు నేర్చుకోవాలి, చంటిపిల్లకి నేర్పినట్టు నేర్పండి అంది సువార్తమ్మ గారు. ఒక్క సంగతి మాత్రం అతను ఆమెకీ చెప్పలేదు, పెళ్లాం భద్రమ్మకీ చెప్పలేదు. పక్కింట్లో మగ్గం ఆడుతుంటే, లేని ఎడమపాదం ఆ దెబ్బకి తగ్గట్టు చెక్క తొక్కుతోంది.

సాంబమూర్తి గారు వచ్చి, ప్రభుత్వం నీకు కాలు ఇవ్వబోతోందని చెప్పారు. భద్రమ్మ గుమ్మంలో కండెలు చుడుతూ అంతా వింది.

"ఆ కాలుతో తొక్కొచ్చాండీ?" అని అడిగింది.

"ఏం తొక్కాలమ్మా?"

"మగ్గం."

సాంబమూర్తి గారు, కాలన్న తరువాత అన్నీ తొక్కవచ్చునని సెలవిచ్చారు.

ఇక కాలు ఎక్కడనుంచి తేవాలన్న ప్రశ్న వచ్చింది. పూనాలో మిలిటరీవాళ్లకు కాళ్లు చేస్తారని, మనిషిని అక్కడికి పంపి కొలతలిప్పించి నడక నేర్పించి పంపడానికి మూడు నెలలు పడుతుందని ఆసుపత్రి డాక్టరు రాశాడు. ఆ ఉత్తరం కమిటీలో చదివారు. వెంకటకృష్ణారావు గారికి కోపం వచ్చింది. మన పక్కనే కొండపల్లి ఉండగా కాలు కోసం పూనా పోవడమేమిటన్నారు. దశావతారాలు చెయ్యగలిగినవాళ్లు ఒక్క కాలు చెయ్యలేరా అన్నారు. ఈ వాదానికి ఎదురు లేదు. రిజల్యూషను ఏకగ్రీవంగా ప్యాసయింది.

కొండపల్లి బొమ్మల పనివాడు అంకమ్మరావుని పిలిపించారు. అతను పని ఒప్పుకోవడానికి చాలా వెనకాడాడు. తమది తెల్లపొణికి కర్ర అని, గోటితో నొక్కినా దిగుతుందని, బొమ్మకి బాగుంటుంది గాని బరువు ఆపదని చెప్పాడు.

"ఏనుగు అంబారీ చేస్తారు కదయ్యా. దానిమీద రాజు కూర్చోడూ?" అన్నారు అధ్యక్షులవారు.

"కూర్చుంటాడండి. ఆ రాజు తులమెత్తు ఉంటాడండి."

"మావాడూ అంత బరువేం లేడు," అని సాంబమూర్తి గారు ధైర్యం చెప్పారు.

కొలతకి కుడికాలు చూడాలన్నాడు అంకమ్మరావు. మార్కండేయులు కుడికాలు చాపాడు. ముప్పై ఏళ్లు గుంట చెమ్మలో నానిన కాలు, మడమ పగిలి, వేళ్లు విచ్చుకుని, చెక్క అంచు తగిలేచోట గుర్రపు డెక్కలా గట్టిపడి ఉంది. కమిటీ సభ్యులు దాన్ని చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంత్రిగారు తమ చేతులతో తాకబోయే పాదం ఇలా ఉంటే ప్రావిన్సులో మన తాలూకా పరువేం కావాలి? అప్పుడు వెంకటకృష్ణారావు గారు మరొక త్యాగానికి సిద్ధపడ్డారు. చెప్పు విడిచి తమ ఎడమపాదాన్ని బల్లమీద పెట్టి, దీన్ని చూసి చెయ్యమన్నారు. ఆ సంగతి మినిట్సులో కృతజ్ఞతలతో రాసుకున్నారు.

కాలు దసరాకు వారం ముందే వచ్చింది. అద్భుతమైన కాలు. చింతగింజల బంక పూసి నునుపు చేసి, పచ్చటి పసిమి రంగు వేసి, గోళ్లకు లేత గులాబీ అద్ది, బొటనవేలి మీద అధ్యక్షులవారికున్న పుట్టుమచ్చ కూడా దించాడు అంకమ్మరావు. ఊళ్లో పెద్దమనుషులందరూ వచ్చి చూశారు. కొందరు ముసలమ్మలు అది ఏ దేవుడిదో తెలియక దండం పెట్టుకున్నారు.

సభ నాడు మార్కండేయులిని ముందు కాలు లేకుండా కూర్చోబెట్టారు, జనానికి తేడా తెలియాలని. మంత్రిగారు గంటసేపు మాట్లాడారు. తమకు పిల్లలంటే ప్రేమ అన్నారు, బహుశా అది వేరే ఊరి ఉపన్యాసం. ఆ తరువాత పట్టుగుడ్డ పరిచిన పీట మీద పాదాన్ని తెచ్చారు. మంత్రిగారు మోకాళ్లమీద వంగి దాన్ని తొడిగి, ఫోటోగ్రాఫరు తల ఎత్తమనేదాకా ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. అంతటి మంత్రి చేత తమ పాదం పట్టించగలిగినందుకు వెంకటకృష్ణారావు గారిలో ఇసుమంత గర్వం కనబడలేదు. ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డారు.

"నడువు నాయనా," అన్నారు మంత్రిగారు.

మార్కండేయులు వంగి తన కాళ్లు చూసుకున్నాడు. నల్లటి కుడికాలి పక్కన పచ్చటి ఎడమకాలు. చుట్టపుచూపుగా వచ్చిన వేరెవరి కాలో పక్కన ఆనినట్టుంది. నాలుగు నెలలుగా మూటమీద నొక్కి నేర్పిన బరువంతా ఒక్కసారి దానిమీద పెట్టాడు. లోపల పుల్ల విరిగినట్టు సన్నటి చప్పుడైంది. అతనొక్కడే విన్నాడు. ఒక పక్కకి ఒరుగుతుంటే వాలంటీర్లు గబుక్కున పట్టుకుని, జైజై నినాదాలతో భుజాలమీద ఎత్తుకుని హాలంతా తిప్పారు. కాలు తొడిగిన రోజునే అతను నేలమీద కాలు పెట్టవలసిన అవసరం లేకుండా పోయిందని మర్నాడు పత్రిక రాసింది.

సభ కాగానే సాంబమూర్తి గారు వచ్చి పాదం విప్పుకున్నారు. చెమట తగిలితే రంగు పోతుందన్నారు. కమిటీ ఆఫీసులో గాజుపెట్టె చేయించామని, పది నుంచి అయిదు లోపు ఎప్పుడొచ్చినా చూసుకోవచ్చునని, అది ఎప్పటికీ అతని కాలేనని చెప్పి సంతకం చోట వేలిముద్ర వేయించుకున్నారు. మార్కండేయులు చంకకర్ర మీద పటమట చేరాడు.

భద్రమ్మ కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి, చెంబు అక్కడ పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా అంకమ్మరావు వెదుక్కుంటూ వచ్చాడు. గోనెసంచిలోంచి ఒక వస్తువు తీసి అరుగుమీద పెట్టాడు. నల్లతుమ్మ చేవ కర్ర, కింద తొక్కుడు చెక్కకి సరిపోయేటట్టు చదునుగా చెక్కిన దిమ్మ, పైన చెప్పులు కుట్టేవాడి చేత కుట్టించిన తోలు గిన్నె, తొడకి కట్టుకోవడానికి పటకాలు. దానికి వేళ్లు లేవు, గోళ్లు లేవు, రంగు లేదు.

"చూడ్డానికి రోకలిలా ఉందయ్యా," అన్నాడు మార్కండేయులు.

"రోకలి విరగదు కదన్నా. నా చేతి పనిని నమ్ముకుని ఆనాటిదాకా ఏ మనిషీ పడలేదు. ఆవేళ హాల్లో వెనక నిలబడి చూశాను. తిండి సయించలేదు."

అదివరకు కొలత తీసుకున్నప్పుడే అంకమ్మరావు కుడికాలి పొడుగు పుల్లతో కొలిచి పెట్టుకున్నాడట. ఎందుకో అప్పుడు తనకే తెలియదన్నాడు.

సువార్తమ్మ గారు ఆదివారం చర్చి నుంచి వస్తూ చూసింది. తోలు గిన్నె అంచు ఎక్కడ గీరుకుంటుందో వేలితో చూపించి అక్కడ మెత్తటి పాత గుడ్డ కుట్టమంది. మొదటి రోజు పావుగంట, రెండో రోజు అరగంట, ఎర్రబడితే ఆపాలి, పుండు పడితే రెండు రోజులు ముట్టుకోకూడదు అంది. మార్కండేయులు మొదటి రోజే రెండు గంటలు కట్టుకుని, పుండు పడి, నాలుగు రోజులు ముట్టుకోలేదు. ఆమె వచ్చి చివాట్లు పెట్టింది. కాలు పోయిందయ్యా, బుద్ధి కూడానా అంది. ఆ తరువాత గడియారం ప్రకారం కట్టాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు, గోడ వదిలి నిలబడ్డాడు, గుమ్మం దాకా వెళ్లాడు, ఒకసారి పడ్డాడు, లేచాడు. పద్దెనిమిదో రోజున గుంటలో దిగాడు.

కింద చెక్క ఎక్కడుందో దిమ్మకి తెలియదు. తన ఎడమపాదానికి తెలుసు. అది లేదు, అయినా దానికి తెలుసు. మార్కండేయులు కళ్లు మూసుకుని, కర్రని కాదు, పాదాన్నే కదిలించాడు. పాదం తొక్కిన చోటే దిమ్మ దిగింది. పడుగు విచ్చుకుంది. నాడె అటు పోయింది. కుడికాలు తొక్కాడు. నాడె ఇటు వచ్చింది. ఇంట్లో మిగిలిన కాస్త నూలుతో మూరెడు నేశాడు. భద్రమ్మ వచ్చి గుడ్డని వెలుతురుకు ఎత్తి పట్టుకుని అంగుళం అంగుళం చూసింది. ఒకచోట చిక్కన, ఒకచోట పలచన అన్నది లేదు.

"ఏమయ్యా, నీ చెయ్యి ఏం మారలేదు," అని మాత్రం అంది.

కార్తీక సోమవారం నాడు ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. రూళ్లు తెలిసిన మనిషి. మార్కండేయులు ఆయన ముందు ఆపకుండా అరగంట నేశాడు. ఇన్‌స్పెక్టరు గారు చాలా సంతోషించి, అచ్చం రెండు కాళ్లవాడిలా నేస్తున్నాడని మెచ్చుకుని, సంతకం పెట్టడానికి కలం మూత తీశారు. ఆ తరువాత ఫైలు తెరిచారు. అందులో కమిటీవారు పంపిన కాగితం ఉంది.

"నీకు ఎడమకాలు ఒకటి మంజూరైనట్టుందే?"

"అయిందండి."

"మరి ఇదేమిటి?"

"ఇది నా కాలండి. కొండపల్లి అంకమ్మరావు చేసిచ్చాడండి."

"రికార్డు ప్రకారం నీ ఎడమకాలు కమిటీ ఆఫీసులో ఉంది. మనిషికి ఎన్ని ఎడమకాళ్లుంటాయి?"

"నాకైతే ఒకటేనండి," అన్నాడు.

"అదే నేననేది. ఆ ఒకటీ అక్కడుంది."

తొక్కేది ఇదే కదండీ, గుడ్డ ఎదురుగానే ఉంది కదండీ అని భద్రమ్మ మధ్యలో కలగజేసుకుంది. గుడ్డ సంగతి తను చూడడానికి రాలేదని, కాలు సంగతి చూడడానికి వచ్చానని ఇన్‌స్పెక్టరు గారు ఓర్పుగా వివరించారు. లెక్కలో లేని కాలుతో నేసినవాడికి నూలిస్తే, రేపు లెక్కలో లేని చేతులతో నేస్తామని ఎంతమంది వస్తారో చెప్పమన్నారు. కలం మూత పెట్టి, అసలు కాలుని తనిఖీ చెయ్యడానికి కమిటీ ఆఫీసుకు వెళ్లారు. అక్కడ గాజుపెట్టె తెరిపించి, సాంబమూర్తి గారి సమక్షంలో పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మడమ దగ్గర చిన్న పగులు కనబడింది. వాడకం వల్ల వచ్చినదేనని, అంటే కాలు వాడుకలో ఉన్నట్టేనని నిర్ణయించారు. కాఫీ పుచ్చుకున్నారు.

పది రోజులకు ఆర్డరు వచ్చింది. బడి పంతులుగారి చేత చదివించుకున్నాడు మార్కండేయులు. సదరు నేతగాని పునరుద్ధరణకు ఆధారమైన కాలు కమిటీవారి భద్రతలో ఉన్నది గనుక, సదరు కాలిమీద మంజూరయిన నూలు కూడా కమిటీవారి భద్రతలోనే ఉండవలయునని, ప్రతి నెలా కమిటీవారే విడిపించుకోవలయునని అందులో ఉంది. కార్డు రద్దు కాలేదు. ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాడు. కార్డు రద్దు కాలేదు.

అతను నాలుగుసార్లు కమిటీ ఆఫీసుకు వెళ్లాడు. చంకకర్ర లేకుండా, తుమ్మకర్ర టకటకలాడించుకుంటూ, మూడు మైళ్లూ నడిచే వెళ్లాడు. అలా నడిచి రావద్దని సాంబమూర్తి గారు మెత్తగా చెప్పారు, చూసేవాళ్లు కమిటీ ఇచ్చిన కాలు అదేననుకునే ప్రమాదముందట. నూలు సంగతి అడిగితే, నూలు భద్రంగా ఉందన్నారు. కమిటీకి సొంత గోడౌను లేనందువల్ల అధ్యక్షులవారు ఏ ప్రతిఫలమూ ఆశించకుండా తమ గోడౌనులోనే దానికి చోటిచ్చారన్నారు. ఎనిమిది కమిటీల బరువు మోస్తున్న మనిషి ఆ నూలు బరువు కూడా నెత్తిన వేసుకున్నారంటే పటమట నేతపేటలో అందరూ ఆశ్చర్యపోయారు. తరువాతి నెలల్లో మరో ఆరుగురు నేతగాళ్లకు, కాళ్లు ఉన్నా నీరసంగా ఉన్నాయన్న కారణం మీద, కమిటీ పునరుద్ధరణ మంజూరైంది. వాళ్ల కార్డులు కూడా రద్దు కాలేదు.

మార్కండేయులు ఇంట్లో ఖాళీ మగ్గం ముందు రోజూ కాసేపు దిగి కూర్చునేవాడు. కాలు మరిచిపోకుండా ఉండాలని. పడుగు లేదు, పేక లేదు. చెక్కలు మాత్రం ఆడేవి. దారిన పోయేవాళ్లు ఆ చప్పుడు విని, మార్కండేయులికి మళ్లీ పని దొరికింది, వెంకటకృష్ణారావు గారి చలవ అనుకునేవారు.

మరుసటి జూలైలో కమిటీ వార్షికోత్సవం జరిగింది. మార్కండేయులిని తీసుకురావడానికి జట్కా పంపారు. వెళ్లనన్నాడు. వెళ్లిరా, ఏమో, నూలు సంగతి నలుగురిలో అడిగే వీలుంటుందేమో అంది భద్రమ్మ. వెళ్లాడు. వేదిక మీద అతని పక్కనే గాజుపెట్టె పెట్టారు. దానికో దండ, అతనికో దండ. తుమ్మకర్ర కనబడకుండా పంచె కిందికి జార్చి కట్టుకోమన్నారు, కట్టుకున్నాడు.

వెంకటకృష్ణారావు గారు కమిటీ సాధించిన విజయాలు చదివి, ఈ సంవత్సరం కమిటీ పర్యవేక్షణలో తయారైన మొదటి బట్టను మొదటి లబ్ధిదారునికే సమర్పిస్తున్నామని చెప్పి, మార్కండేయులి భుజాలమీద ఒక కొత్త పంచెల చాపు కప్పారు. నాలుగు ముక్కలు మాట్లాడమని మైకు ముందుకు జరిపారు.

మార్కండేయులు మైకు వైపు చూడలేదు. భుజంమీది గుడ్డని చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ బొటనవేలితో అంచు పామి చూశాడు. ఒక పోగు లాగి, రెండు వేళ్లమధ్య నలిపి, వెలుతురుకి పెట్టి చూశాడు. అందరూ అతని కళ్లు చెమరుస్తున్నాయనుకున్నారు.

"ఇది నలభయ్యో నంబరు నూలండి," అన్నాడు. "నా కార్డుమీద వచ్చేది ఇదేనండి. చాలా మంచి నూలండి. నేత మాత్రం బాగా లేదు."

ముందుగా తేరుకున్నది సాంబమూర్తి గారు. ఆయన చప్పట్లు మొదలుపెట్టగానే హాలంతా అందుకుంది. ఆ చప్పట్లలోనే మినిట్సు పుస్తకం దగ్గరికి లాక్కుని, ఎప్పటిలాగే ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా, గుండ్రటి దస్తూరీతో రాసుకున్నారు:

"సదరు మార్కండేయులు కమిటీవారి నూలు నాణ్యతను బహిరంగముగా కొనియాడెను. సభ ఆనందించెను."